అత్తయ్య ఎంచిన బంతి

పోయిన వారం ఇనంగారోని నడిగదిలో పడేసి కథ ఆపేశాను. నెలలు నిండిన పిల్ల జారిపడితే అక్కడా ఆపేది అని మీలో చాలామంది నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకది కొత్త కాదు. పడిన మాట నిజం, దెబ్బ తగలని మాటా నిజం. మేం ఆడవాళ్ళం చుట్టూ కూర్చుని కుడుతున్న పూల దుప్పటి మడతల మీద పడింది. మంత్రసాని రోయిమాటా ఉన్నపళంగా వచ్చి, పొట్ట మీద చిన్న యంత్రం ఆనించి, బిడ్డ గుండె చప్పుడు మా అందరికీ వినిపించింది. గుర్రం దౌడు తీసినట్టు టకటకమంటోంది. తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం. క్షేమంగా లేనిదల్లా ఆ ఇల్లే.

ఆ ఇంటి పెద్ద మా అక్క అకైటి, ఇనంగారో ఆవిడ కోడలు. నేను ఆవిడ చెల్లెల్ని, మరేటాని. గోడవతల ఇల్లు నాది. మావి మంగాయా దీవి నుంచి ఈ కలప మిల్లు ఊరికి వలస వచ్చిన కుటుంబాలు. ఆ ఇంట్లో చెంచా కింద పడినా నాకు తెలుస్తుంది, తెలియకపోతే వెళ్ళి కనుక్కుంటాను.

ఇనంగారో జారిపడ్డ బంతిని తెచ్చింది మా బావ తామారువా. కానుపు ముందు కూర్చోవడానికి, నొప్పులప్పుడు ఊగడానికి గాలి నింపే పెద్ద బంతి ఒకటి కొనండి అని రోయిమాటా చెప్పింది. బావకి బంతి అనే మాట తప్ప తక్కినవేవీ చెవిన పడలేదు. రగ్బీ క్లబ్బులో కుర్రాళ్ళకి ఆట నేర్పడంలోనే ఆయన జుట్టు నెరిసింది. బొటనవేలితో నొక్కితే లొంగనిదే బంతి అన్నది ఆయనకి బైబిలు మాటతో సమానం. క్లబ్బు రంగులో తళతళలాడుతోందని ఓ చిన్న బంతి ఎంచాడు. క్లబ్బు పంపుతో అది రాయిలా అయ్యేదాకా గాలి కొట్టాడు. మా ఊళ్ళో నిలువెత్తు ఆడది ఎవరంటే ఇనంగారో, నెట్‌బాల్‌లో గోలు కాపలా కాసిన పిల్ల. అంత పిల్ల ఉన్ని మేజోళ్ళతో, పాలిష్ పెట్టిన నేల మీద, ఆ రాతిగుండు మీద కూర్చుంది. పడక ఏమవుతుంది?

అక్క ఆ బంతిని గ్యారేజీలో పడేసి తాళం వేసింది. వేసి ఊరుకుందా? "బంతి అన్నది ఇక ఈ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళ జోలికి రాకూడదు. కానుపు గదిలో బంతి ఉంటే నేనుండను" అని అందరి ముందూ తీర్పు చెప్పేసింది.

ఇనంగారోకి తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. కానుపు గదిలో చెయ్యి పట్టుకోవడానికి ఆ పిల్లకున్న పెద్దదిక్కు మా అక్కే. బంతి కూడా అంతే అవసరం. బిడ్డ వీపు తల్లి వీపుకి ఆనుకుని ఉంది, అలా ఉంటే నొప్పులు నడుములోకి దిగి చాలాసేపు సాగుతాయని రోయిమాటా అంది. మరీ సాగిపోతే మా ఊరి ప్రసూతి గృహంలో కుదరదు, అంబులెన్సులో హామిల్టన్ పెద్దాసుపత్రికి తీసుకుపోతారు. ఇనంగారోకి ఆ మాట వింటేనే గుండె జారుతుంది. ఈ ఊళ్ళో పుట్టింది, ఈ ఊళ్ళోనే కనాలని దాని పట్టుదల. ప్రసూతి గృహంలో ఒక బంతి ఉంది కానీ అది మామూలు ఎత్తువాళ్ళకి. ఇనంగారో దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి.

ఆ పిల్ల పడిన రెండు రోజులకి, మధ్యాహ్నం మేం మళ్ళీ దుప్పటి ముందేసుకుని కూర్చున్నాం. పుట్టబోయే బిడ్డ కోసమే అది, ఎర్ర మందారాలు, పచ్చ ఆకులు. అక్క గీసి కత్తిరించిన పువ్వులు, మేం కుట్టేది. మా గుంపులో అందరికన్నా పెద్దది, నోటికి తాళం లేనిది తెపైరు. ఆవిడ డోనట్ నములుతూ సూది ఎక్కించలేక తిప్పలు పడుతోంది. బావ వంటింట్లో చేమ ఆకులు కడుగుతున్నాడు. అప్పుడు రోయిమాటా ఓ సంచీ భుజాన వేసుకుని లోపలికొచ్చింది. సంచీలోంచి గాలి లేక చదునుగా పడున్న రబ్బరు తోళ్ళు మూడు తీసి చాప మీద పరిచింది.

అక్క సూది ఆగింది. "అవేంటి?"

"బంతులమ్మా" అంది రోయిమాటా. "చిన్నది, మధ్యస్థం, పెద్దది."

"ఎవరు తెమ్మన్నారు?"

"నేనే తెమ్మన్నానత్తయ్యా" అంది ఇనంగారో.

ఆ పిల్ల కోడలై వచ్చినప్పట్నించీ అక్క మాటకి ఎదురు చెప్పడం నేను చూడలేదు. టీలో పంచదార ఎక్కువైనా నోరు మెదపదు. అలాంటిది గుమ్మానికి ఒక చెయ్యి ఆనించి, ఒక చేత్తో నడుం పట్టుకుని, అక్క కళ్ళలోకి చూస్తూ నిలబడింది. నాకు భయమేసింది, కాస్త ముచ్చట కూడా వేసింది.

"ఏమమ్మాయ్" అంది అక్క, గొంతు పెంచకుండా. అక్క గొంతు పెంచకపోతేనే ప్రమాదం. "నేను చెప్పింది నీకు వినపడలేదా, విని కూడా లెక్కలేదా?"

"వినపడిందత్తయ్యా. నాకు రెండూ కావాలి. గదిలో బంతీ కావాలి, మీరూ కావాలి."

"రెండూ కుదరవు. ఒకటి ఎంచుకో."

"ఎంచుకోను."

తెపైరు డోనట్ చేతిలోనే ఉండిపోయింది. బావ తడి చేతులతో గుమ్మం దాకా వచ్చి, అక్క మొహం చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు.

"పడ్డావుగా మొన్న!" అక్క ఒంటికాలి మీద లేచింది. "నా కళ్ళముందే పడ్డావుగా! దుప్పటి లేకపోతే ఏమయ్యేది? బంతి మీద ఎగరడానికి నువ్వేమైనా చిన్నపిల్లవా? మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మేం కనలేదా?"

"ఆ రోజు పడింది బంతి తప్పు కాదమ్మా" అంది రోయిమాటా మెల్లగా. "ఆ బంతి ఈ అమ్మాయికి చిన్నది. పైగా గాలి ఎక్కువ, నేల నునుపు, కాళ్ళకి మేజోళ్ళు. ఇవి చూడండి, పట్టు ఉన్న రబ్బరు. ఎక్కడైనా చిల్లు పడినా ఢామ్మని పేలవు, మెల్లగా గాలి దిగుతుంది. కింద చాప వేసి, ఉత్త కాళ్ళతో కూర్చోబెడతాను. నేను పక్కనే ఉంటాను."

"నువ్వు చదువుకున్నదానివి తల్లీ, నీకన్నీ తెలుసు" అంది అక్క. "నాకు తెలిసింది ఒక్కటే. నొప్పులొస్తే ఆడది కదలకుండా పడుకోవాలి. నోరు మూసుకుని ఓర్చుకోవాలి. నా కొడుకు టుటాయిని నేనలాగే కన్నాను."

"అలా ఎవరు చెప్పారత్తయ్యా మీకు?" అని అడిగింది ఇనంగారో.

ఎదురు ప్రశ్నలా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది. అందుకే కాబోలు, అక్క సూదిని మందారం పువ్వులో గుచ్చి వదిలేసింది. తరువాత చెప్పిన మాటలు సొంత చెల్లెల్ని, నేను కూడా ఎప్పుడూ వినలేదు.

"ఈ ఊరొచ్చిన కొత్త. నాకు ఇంగ్లీషు రాదు. మీ మామయ్య మిల్లులో ఉన్నాడు, ఆసుపత్రిలో నేనొక్కదాన్నే. నొప్పి వస్తుంటే నా నడుం దానంతటదే కదులుతోంది. ఆపినా ఆగట్లేదు. మంగాయాలో డోలు కొడితే ఎట్లా కదులుతుందో అట్లా. మంచం దిగి, కిటికీ ఊచ పట్టుకుని ఊగుతున్నా. కాస్త హాయిగా కూడా ఉంది. ఇంతలో ఓ నర్సమ్మ వచ్చి రెక్క పట్టుకుని మంచం ఎక్కించింది. మళ్ళీ దిగా. మళ్ళీ ఎక్కించింది. కదిలితే బిడ్డకి చేటని వేలు చూపించి చెప్పింది. ఆ ముక్క అర్థమయ్యింది. అంతే, ఇక కదల్లేదు. దుప్పటి కొస నోట్లో కుక్కుకున్నా. మర్నాడు ఆ నర్సమ్మే అందరికీ చూపించింది, చూడండి ఈ దీవి పిల్లని, కిక్కురుమనలేదు అని. నేనెంత పొంగిపోయానో! ఇన్నేళ్ళూ ఆ మాటే తల్చుకుని బతికా."

మా అక్క ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఆ రోజే.

"ఇప్పుడు మీరొచ్చి, కదలొచ్చు, ఊగొచ్చు, అరవొచ్చు అంటున్నారు. మరి నేను పడ్డదంతా దేనికే? ఎందుకు ఓర్చుకున్నట్టు?"

ఇనంగారో బరువుగా వచ్చి అక్క పక్కన చాప మీద కూలబడింది. ఆ పొట్టతో కింద కూర్చోవడమే ఒక పని.

"మీరు ఓర్చుకోబట్టే టుటాయి ఉన్నాడు, నాకు మొగుడున్నాడు" అంది. "కానీ అత్తయ్యా, నీకెలా కావాలని ఆ రోజు మిమ్మల్ని ఎవరూ అడగలేదు. నన్ను అడుగుతున్నారు. అడిగినప్పుడు నేను చెప్పకపోతే ఎలా?"

అక్క కళ్ళు తుడుచుకుంది. సరేననలేదు, వద్దనీ అనలేదు. సూది తీసుకుని దుప్పటి మీదకి వంగింది. మా అక్క అంతకన్నా దిగివచ్చిన రోజు నాకు గుర్తులేదు కాబట్టి, నేను గబుక్కున లేచి, "బావా! పంపు తే" అని కేకేశాను.

బావకి ప్రాణం లేచొచ్చింది. కాలితో తొక్కే పంపు తెచ్చి మూడు బంతులకీ గాలి కొట్టాడు. కొడుతూ కొడుతూ బొటనవేలితో నొక్కి చూసుకోవడం, తల ఊపుకోవడం. జట్టుకి ఆటగాళ్ళని ఎంచేటప్పుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టడు. మూడూ గట్టిగా నిగనిగలాడాక వరసగా నిలబెట్టి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

రోయిమాటా మధ్యస్థం బంతిని చాప మీదకి దొర్లించి, వెనక తను మోకాళ్ళ మీద కూర్చుని, ఇనంగారోని దాని మీద కూర్చోబెట్టింది. "పాదాలు దూరంగా పెట్టు. ఇప్పుడు నడుము గుండ్రంగా తిప్పు. మెల్లగా."

ఇనంగారో తిప్పింది. తిప్పిందని అనుకుంది. కదిలినవి భుజాలు, తల, పెదాలు. నడుము మాత్రం సిమెంటు పోసినట్టు ఉన్నచోటే ఉంది. పిల్ల నెట్‌బాల్ కోర్టులో పెరిగింది. మా వాళ్ళ ఉరా నాట్యం నేర్చుకోమంటే పారిపోయేది. మా ఊళ్ళో ఆడపిల్లలకి రెండు తరాలుగా ఉరా నేర్పుతున్నది మా అక్కే. వచ్చిన కోడలు మాత్రం ఇలాంటిది దొరికింది.

అక్క కుడుతూనే ఉంది. కుడుతూ ఓరకంట చూస్తోంది. ఇనంగారో ఇంకో చుట్టు తిప్పింది. అక్క పళ్ళు నూరడం నాకు వినిపించింది. ఇంకో చుట్టు. అక్క దారం తెంపింది.

తెపైరు ఇలాంటి అదను వదులుకోదు. "అకైటీ, నీ శిష్యురాళ్ళు పండగల్లో బహుమతులు తెస్తారు. నీ ఇంటి కోడలు మాత్రం పైన్ దుంగ దొర్లినట్టు ఊగుతోందే! పోనీలే, పాపం, నేర్పేవాళ్ళకి మాత్రం నడుం పని చెయ్యొద్దూ? తుప్పు పట్టి ఉంటుంది."

"ఎవరికే తుప్పు?" అక్క కస్సుమంది.

"నాకు, నాకు" అంది తెపైరు, మూతి తుడుచుకుంటూ.

అక్క లేచింది. లేవడంలోనే మోకాళ్ళు రెండూ కటకటమన్నాయి. "ఆగమ్మాయ్! ఆగు! నడుం తిప్పమంటే భుజాలు తిప్పుతావేంటి? భుజాల మీద నీళ్ళ గిన్నె ఉందనుకో, తొణక్కూడదు. నడుం కదలాలంటే ముందు మోకాలు కదలాలి. ఎన్నిసార్లు చెప్పాను, ఉరాకి ప్రాణం మోకాళ్ళలో ఉంటుందని! లే, లే అక్కణ్ణించి."

ఇనంగారోని లేపి, తను కూర్చుంది. కూర్చుందండీ మా అక్క, బంతి మీద! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా అక్క పొట్టిది, ఆ మధ్యస్థం బంతి కూడా ఆవిడకి ఎక్కువే. రెండు పాదాలూ నేల మీద ఆనించి, చేతులు పక్కలకి చాపి, ఒకసారి నడుము తిప్పింది. మొహం చిట్లించింది.

"ఏమయ్యా! ఇది బంతా, బండరాయా? ఒంటికి లొంగదే! నా బరువు కాస్త లోపలికి దిగనివ్వకపోతే నడుం ఎక్కడ తిరుగుతుంది? జారిపోనూ? గాలి తియ్యి."

"గాలి తియ్యడమా?" బావ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "మెత్తబడ్డ బంతి ఇంట్లో ఉంచుకుని క్లబ్బులో తలెత్తుకు తిరగమంటావా?"

"నీ క్లబ్బులో కానుపులవుతున్నాయా? తియ్యి!"

బావ బిరడా వదులు చేశాడు. గాలి బుస్సున పోతుంటే ఆయన మొహం చూడాలి, సొంత ఇల్లు అమ్ముకుంటున్నవాడిలా ఉంది. అక్క కూర్చునే ఉంది. "ఇంకా... ఇంకొంచెం... ఆపు." మళ్ళీ తిప్పింది. ఈసారి తిరిగింది నడుము. భుజాలు కదల్లేదు, తల కదల్లేదు. నడుము మాత్రం ఎడమకి, వెనక్కి, కుడికి, ముందుకి, వెన్న కరిగినట్టు తిరిగింది. మేం ఆడవాళ్ళం సూదులు పడేసి చప్పట్లు కొట్టాం. అక్క కళ్ళు మూసుకుంది. ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలుసు. కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఈసారి ఆ పిల్లని ఎవరూ మంచం ఎక్కించలేదు.

కళ్ళు తెరిచేసరికి మనిషే మారిపోయింది. పంతులమ్మ అయిపోయింది. "నాకిది సరిపోతుంది, దీనికి సరిపోదు. ఇందాక చూశారుగా, దీని మోకాళ్ళు నడుం కంటే పైకి పోయాయి. మోకాళ్ళు పైకి పోతే తొడలు పొట్టకి అడ్డం. ఇక బిడ్డకి చోటేది, నడుముకి చోటేది? ఆ చిన్నది అసలే వద్దు, పిల్లలకివ్వండి ఆడుకోవడానికి. పెద్దది ఇటు దొర్లించు మరేటా. ఏమయ్యా, దాని గాలి కూడా తియ్యి."

ఇనంగారో పెద్ద బంతి మీద కూర్చుంది. అక్క చాప మీద బోర్లా పడుకున్నంత పని చేసి, పక్క నుంచి మోకాళ్ళూ నడుమూ కళ్ళతో కొలిచింది. మోకాళ్ళు నడుము కంటే కొంచెం కిందికి వచ్చాయి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాయి. అక్క అరచేత్తో బంతిని నొక్కి చూసింది, ఇంకాస్త గాలి తీయించింది, మళ్ళీ కొంచెం కొట్టించింది. దుప్పటి మీద పువ్వు ఎక్కడ పెట్టాలో చూసుకునేటప్పుడు కూడా ఇలాగే చేస్తుంది, ఒక పట్టాన వదలదు.

"ఇదీ బంతి" అంది చివరికి. లేచి నడుము మీద చేతులు పెట్టుకుంది. "ఈ పిల్లకి ఇదే."

రోయిమాటా నవ్వింది. "నా లెక్క ప్రకారం కూడా అదేనమ్మా. సంచీ తెరిచినప్పుడే చెబుదామనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు వినేవాళ్ళా?"

తెపైరు పకపకా నవ్వింది. అక్కకి కోపం రావాలి, రాలేదు. తనూ నవ్వేసింది. ఇనంగారో వెనక్కి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, దాని నడుముకి రెండు పక్కలా తన చేతులు వేసింది. "ఇప్పుడు నా చేతులు ఎటు పోతే అటు రా. ఆలోచించకు. ఏమయ్యా, చూస్తూ నిలబడ్డావేం, డోలు!"

బావ ఒక్క గెంతులో వెళ్ళి గోడకి ఉన్న చెక్క డోలు దించి, పుల్లలతో మెల్లగా అందుకున్నాడు. టక టక, టకటక టక. అక్క చేతుల్లో ఇనంగారో నడుము మొదట మొరాయించింది. తరువాత ఒక పక్కకి ఒరిగింది. తరువాత ఉన్నట్టుండి తిరిగింది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "అత్తయ్యా! వచ్చేసింది!"

"రాక ఎక్కడికి పోతుంది? నా కోడలివి!"

ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆ పిల్లని అక్క 'టుటాయి పెళ్ళాం' అనేది. నా కోడలు అనడం అదే మొదలు.

డోలు సాగుతోంది. ఇనంగారో తిరుగుతోంది. తిరుగుతున్నది ఠక్కున ఆగి, ముందుకు వంగి, రోయిమాటా భుజం పట్టుకుంది. పిల్ల పెదవి కొరుక్కుంటోంది, మొహం ఎర్రబడింది, గొంతులోంచి చప్పుడు రావట్లేదు. రోయిమాటా పొట్ట మీద చెయ్యి వేసి, మా వైపు చూసి తలూపింది. నొప్పులు మొదలయ్యాయి.

"పెదవి వదులు" అంది అక్క.

ఇనంగారో వదల్లేదు. చప్పుడు రాకుండా బిగబట్టుకుంది. ఇందాక విన్న కథ దాని చెవుల్లోనే ఉంది కాబోలు.

"అమ్మాయ్, నోరు తెరు" అక్క దాని చెవి దగ్గర వంగింది. "నన్ను చూసి నేర్చుకోకు. నేను తెరవలేదు, నువ్వు తెరు. గట్టిగా అరువు! వీధి చివరిదాకా వినపడాలి! ఎవరేమంటారో నేను చూసుకుంటా!"

అరిచింది ఇనంగారో. అరుపా అది! నెట్‌బాల్ కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి పిలిచే గొంతు. కిటికీ అద్దాలు అదిరాయి. దాని వెనకే అక్క అరిచింది, ఇన్నేళ్ళు దుప్పటి కొసతో కుక్కిపెట్టుకున్న అరుపు. ఆపైన తెపైరు, నేను, అందరం. నొప్పి తగ్గి ఇనంగారో ఊపిరి పీల్చుకునేసరికి గదిలో ఒక్కరికీ గొంతు సరిగ్గా లేదు. అందరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

నొప్పికీ నొప్పికీ మధ్య ఇంకా చాలా వ్యవధి ఉంది. ఇప్పుడే బయల్దేరక్కర్లేదు, కావాలంటే వెళ్ళొచ్చు అంది రోయిమాటా. టుటాయికి ఫోను చేస్తే, మిల్లు నుంచి తిన్నగా ప్రసూతి గృహానికే వస్తానన్నాడు. తీరా బయటికొచ్చి చూస్తే, ఆ బంతి కారు తలుపులో పట్టలేదు. గాలి తీసేసి అక్కడ మళ్ళీ కొడదామన్నాడు బావ.

"దాని బిరడా మీద చెయ్యి వేశావంటే చెయ్యి విరుగుతుంది" అంది అక్క. "అంత కష్టపడి సరిచేస్తే మళ్ళీ నీ చేతికిస్తానా?"

"నేను కారులో కూర్చోలేనత్తయ్యా" అంది ఇనంగారో. "నడిస్తే బాగుంది. హైవే దాటితే ప్రసూతి గృహమేగా. నడుద్దాం."

రోయిమాటా గుండె చప్పుడు ఇంకోసారి విని, "మొదటి కానుపు, చోటూ దగ్గరే, నడవనివ్వండి. నేను కారులో పక్కనే వస్తా" అంది.

అలా బయల్దేరాం. మా వీధి అలాంటి ఊరేగింపు చూసి ఉండదు. ముందు బావ, మెళ్ళో డోలు. ఆయన వెనక మా అక్క, కొప్పులో పువ్వు తురుముకుని, కప్పు గెలిచిన కెప్టెనులా ఆ పెద్ద బంతిని రెండు చేతులా తల మీద ఎత్తి పట్టుకుని. పక్కన ఇనంగారో, అక్క కంటే రెండు తలలు ఎత్తు, ఒక చెయ్యి అత్తగారి భుజం మీద. వెనక మేం, కుట్టు పూర్తికాని దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని. తెపైరు పాట అందుకుంది. ఇళ్ళలోంచి జనం చెప్పుల్లేకుండా బయటికొచ్చారు. ఎవరో "ఎవరు గెలిచారు?" అని అరిచారు. "మేమే!" అని అరిచింది అక్క. అంత గర్వం, అంత సంతోషం ఆ మనిషి మొహంలో నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

హైవే దగ్గర దుంగల లారీలు వరసగా వస్తున్నాయి. బావ ఏమాత్రం జంకకుండా రోడ్డు మీదకి నడిచి, రిఫరీలా చెయ్యెత్తాడు. మొదటి లారీ బుస్సుమంటూ ఆగింది, దాని వెనకవీ ఆగాయి. అటుపక్కా ఆగాయి. డ్రైవర్లు అద్దాలు దించి, బంతినీ పొట్టనీ చూసి, హారన్లు మోగించారు.

సరిగ్గా రోడ్డు మధ్యకి వచ్చేసరికి ఇనంగారో వేళ్ళు అక్క భుజంలోకి దిగిపోయాయి. నొప్పి వచ్చింది. దీర్ఘంగా అరిచింది. అది పూర్తిగా తగ్గనే లేదు, దాని మీదే ఇంకోటి వచ్చింది. రోయిమాటా కారు తలుపు తెరిచే ఉంచేసి పరిగెత్తుకొస్తోంది. ఆవిడ మొహంలో ఇందాకటి నవ్వు లేదు. డోలు ఆగిపోయింది. లారీల డ్రైవర్లు ఒక్కొక్కరే ఇంజన్లు కట్టేశారు.

"అత్తయ్యా" అంది ఇనంగారో, పళ్ళ బిగువున. "బంతి దించండి."

"ఇక్కడా?"

"ఇక్కడే."